పన్నెండు నెలల చేప

పాకాల చెరువు ఎండదు. రోహిణి కార్తె ఎండలకు చుట్టుపక్కల కుంటలన్నీ నెర్రెలు బారినా పాకాలలో తెప్ప తేలేటన్ని నీళ్ళు ఉంటాయి. నీళ్ళుంటే చేప ఉంటుంది. కాబట్టి ఈ చెరువులో పన్నెండు నెలలూ వల వేయొచ్చు. వేయొచ్చు అనే మాటకూ వేయాలి అనే మాటకూ మధ్య ఎంత దూరం ఉంది అన్నదే ఈ వ్యాసంలో మేము ఆలోచించదలచిన విషయం.

ఇది చిన్న విషయం అనుకునేవాళ్ళు ఉన్నారు. ఆదివాసీ రచయితలు భూమి గురించి, భాష గురించి, పోడు గురించి రాయాలి గానీ చేపల గురించి రాయడమేమిటని ఒక మిత్రుడు అడిగాడు. భూమి గురించి రాయాల్సిందే, రాస్తూనే ఉన్నాం. కానీ పట్టా కాగితం ఎప్పుడో ఒకసారి తీసి చూసుకుంటాం. కూరగిన్నె రోజూ మూత తీసి చూసుకుంటాం. అందులో ఏముంది, అది ఎక్కడి నుంచి వచ్చింది, రేపు కూడా ఉంటుందా అన్న ప్రశ్నలు మన ఇంటి ఆడవాళ్ళు రోజూ వేసుకునేవే. వాటిని మనం నీతిశాస్త్రం అనుకోం. మేము ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నప్పుడు విలువల విద్య పేరుతో సింహం, కుందేలు, నక్క, కాకి కథలు చదివాం. చెరువు గట్టున పుట్టిన పిల్లవాడికి నీతి చెప్పడానికి అంత దూరం పోనక్కర లేదని బడికి వచ్చాక తెలిసింది.

పాకాల తెలియనివారి కోసం నాలుగు మాటలు. వరంగల్ జిల్లాలో, నర్సంపేటకు దగ్గరలో, గుట్టల నడుమ కట్ట పోసి 13వ శతాబ్దంలో కాకతీయుల కాలంలో కట్టిన చెరువు ఇది. చుట్టూ అడవి, ఆ అడవిని 1952లో అభయారణ్యంగా ప్రకటించారు. మత్తడి దూకిన నీళ్ళు పాకాల ఏరుగా పారి, మున్నేరులో కలిసి, చివరికి కృష్ణకు చేరతాయి. మన కోయ మాటలో ఏరు అంటే నీళ్ళే, మీను అంటే చేప. బడిలో ఈ చెరువును కాకతీయుల గొప్పతనంగా పాఠం చెప్తాం. జాతర వచ్చిందంటే అదే కాకతీయుల సైన్యంతో పోరాడిన సమ్మక్క సారలమ్మలకు బెల్లం మోసుకుపోతాం. రెండూ మనవే. కట్టించినవాళ్ళ పేర్లు శాసనాల్లో ఉంటాయి సార్, మట్టి మోసినవాళ్ళ పేర్లు ఎక్కడుంటాయి అని ఏడో తరగతి పిల్ల అడిగింది. చెరువు ఎవరిది అన్న ప్రశ్నకు అంతకన్నా మంచి మొదలు మాకు కనబడలేదు.

ఇక చేపలు. పెద్దవాటిలో బొచ్చె, రవ్వ, మృగాల, బంగారుతీగ. మీసాల చేపల్లో వాలుగ, మార్పు, ఇంగిలాయి, జెల్లలు. బురదను నమ్ముకుని బతికే కొర్రమట్ట, దాని చిన్న తమ్ముడు మట్టగిడస. పాములా పొడుగ్గా ఉండే పాపెర, కోస్తా వాళ్ళు దీన్నే బొమ్మిడాయి అంటారు. అడుగున ఇసుకలో దాక్కునే ఇసుకదొందు. అన్నిటికన్నా ఎక్కువగా, ఎవరూ లెక్కపెట్టని పరకలు. 1952లో దేశంలోకి తెచ్చిన తిలాపియా, మనవాళ్ళు జిలేబి అని పిలిచేది, ఇప్పుడు దొరకని చెరువు లేదు. మొసళ్ళు కూడా ఉన్నాయి. వాటికీ నీటికాకులకూ ఈ చేపలో వాటా ఉంది. చలికాలంలో చేప లోతుకు దిగి మందంగా ఉంటుంది. తెల్లవారకముందే థర్మాకోల్ తెప్ప మీద వెళ్ళినవాళ్ళ వేళ్ళు కొంకర్లు పోతాయి. ఎండాకాలం నీరు తగ్గి చేప ఒకచోటికి చేరుతుంది, వల బరువవుతుంది. వానాకాలం చేపే ఎదురు నడిచి వస్తుంది. అసలు గొడవ అక్కడే.

కుంటల దగ్గర ఈ ప్రశ్న లేదు. చిన్న కుంట ఎండబోయే ముందు గూడెమంతా దిగి చేప పట్టడం మనకు తెలిసిన పనే. ఆడవాళ్ళు బుట్టలతో, మగవాళ్ళు ఊతలతో, పిల్లలు ఉత్త చేతులతో దిగుతారు. మోకాలి లోతు నీటిలో అందరూ కలిసి తొక్కితే నీరు చిక్కగా బురదై, చేప ఊపిరాడక పైకి తేలుతుంది. దొరికినదంతా పడతారు. దాన్ని ఎవరూ తప్పు అనరు, అనాల్సిన పనీ లేదు. పట్టకపోతే ఇంకో వారంలో ఆ చేప ఎండకు చచ్చేదే. కొర్రమట్ట, మార్పు, ఇంగిలాయి గాలి పీల్చి బతకగలవు కాబట్టి కొన్ని తడి బురదలోకి దూరి తప్పించుకుంటాయి. వాన పడ్డాక అవే మళ్ళీ పైకి వస్తాయి, మిగతావి వాగు నుంచి ఎదురెక్కి వస్తాయి. అక్కడ హద్దు పెట్టింది ఎండ. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో మనిషి నిర్ణయించలేదు.

ఎండని చెరువులో ఆ హద్దు లేదు. ఒకప్పుడు ఇంకో హద్దు ఉండేది. నూలు వల నానితే బరువెక్కేది, ఆరబెట్టకపోతే కుళ్ళేది, చినిగితే అల్లుకోవడానికి రోజులు పట్టేది. ఈరోజు నైలాన్ వల రాత్రంతా నీళ్ళలో ఉన్నా దానికేం కాదు. దోమలు కుట్టకుండా వాడుకోవాల్సిన దోమతెరలు కూడా వాగుల్లో వలలయ్యాయి. వాటి కన్నులోంచి చేపపిల్ల కాదుకదా, దాని గుడ్డు కూడా జారిపోదు. ఎండ పెట్టిన హద్దూ పోయింది, దారం పెట్టిన హద్దూ పోయింది. ఇక మిగిలింది మనిషి పెట్టుకునే హద్దు ఒక్కటే.

ఇక్కడ మన రచయితలు, మన మీటింగుల్లో మాట్లాడేవాళ్ళు ఒక మాట అంటారు: ఆదివాసీ ప్రకృతికి బిడ్డ, కావలసినంతే తీసుకుంటాడు, ఎక్కువ తీసుకోడు. వినడానికి బాగుంటుంది. బయటివాళ్ళు అంటే మరీ బాగుంటుంది. కానీ తొమ్మిదో తరగతిలో ఒక పిల్లవాడు మమ్మల్ని సూటిగా అడిగాడు: ‘తాతలకు నైలాన్ వల ఉంటే వాళ్ళు కూడా ఇంతే పట్టేవాళ్ళు కాదా సార్? లేక పట్టలేదు గానీ, వద్దనుకుని కాదు కదా?’ తరగతిలో కొందరు నవ్వారు, ఒకరిద్దరికి కోపం వచ్చింది. మా దృష్టిలో ఆ ఏడాది ఆ తరగతిలో అడిగిన ప్రశ్నల్లో అదే గట్టిది. చేతకాక మానేయడాన్ని నిగ్రహం అనలేం. చేయగలిగి ఉండి, కోరిక ఉండి, మానుకుంటేనే దానికి ఆ పేరు చెల్లుతుంది. పిల్లవాడు అడిగింది అదే.

జవాబు కోసం చేపను వదిలి చెట్టు దగ్గరికి పోవాల్సి వచ్చింది. కొత్తల పండుగ మనందరికీ తెలుసు. చిక్కుడు కాసినా, మామిడి కాసినా, కొత్త వడ్లు వచ్చినా, వేల్పుకు పెట్టి, పండుగ చేసుకునే దాకా నోట్లో పెట్టుకోరు. మామిడికాయ కోయడానికి నైలాన్ అక్కర లేదు, రాయి చాలు. చేతికి అందే కాయను, నోరూరే కాయను, గూడెం గూడెమంతా చూస్తూ ఆగింది. అక్కడ హద్దు ఎండ పెట్టలేదు, దారం పెట్టలేదు, మనుషులే పెట్టుకున్నారు. కాయ ముదిరి టెంక గట్టిపడే దాకా ఆగడం చెట్టుకు మేలు అని మనం సైన్స్ పాఠంలో కలిపి చెప్తాం. అది నిజమే. కానీ ఆ కట్టుబాటులో అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. మొదలు అందరిదీ ఒకేసారి. ఇంటి ముందు చెట్టున్నవాడు ముందు తినడానికి లేదు, చెట్టు లేనివాడు చూస్తూ కూర్చోవడానికి లేదు. ఆగేటప్పుడు అందరూ ఆగుతారు, తినేటప్పుడు అందరూ తింటారు. ఆ పిల్లవాడికి మేము ఇచ్చిన జవాబు ఇది: తాతలు చేప విషయంలో ఏం చేసేవాళ్ళో చెప్పలేం, కానీ ఆగడం వాళ్ళకు తెలుసు. ఎలా ఆగాలో కూడా తెలుసు.

ఇప్పుడు కొత్త నీళ్ళ సంగతి. జూన్‌లో మొదటి పెద్ద వాన పడి, అడవిలోంచి ఎర్రనీళ్ళు వాగుల గుండా చెరువులోకి దిగగానే, చేప ఆ ప్రవాహానికి ఎదురెక్కుతుంది. వీపు బయటికి కనబడేంత తక్కువ నీళ్ళలో కూడా పాకుతూ ఎక్కుతుంది. మడికట్ల మీదికి, పొలాల్లోకి, బాటల మీదికి వస్తుంది. పరకలు, జెల్లలు, మార్పులు, వాలుగలు. ఆ రోజు బడిలో హాజరు సగం ఉండదు. పిల్లలు బకెట్లు పట్టుకుని వాగు దగ్గర ఉంటారు. ఆ ఆనందం మాకు తెలుసు, దాన్ని తక్కువ చేసి మాట్లాడం. టార్చి వెలుగులో, వానలో తడుస్తూ, అన్నదమ్ములూ మేనబావలూ అరుచుకుంటూ పట్టిన చేపకు ఉన్న రుచి అంగట్లో కొన్న చేపకు రాదు.

ఆ చేప ఊరికే ఎక్కదు. కడుపు నిండా గుడ్లతో, అవి పెట్టే చోటు వెతుక్కుంటూ ఎక్కుతుంది. సరిగ్గా అదే సమయంలో మృగశిర కార్తె వస్తుంది. జూన్ 8 ప్రాంతంలో. ఆ రోజు చేప తినాలని తెలుగు నేలంతా నమ్ముతుంది. హైదరాబాద్‌లో చేపమందుకు కొర్రమట్ట పిల్లలను వాడేది కూడా అప్పుడే. ఊళ్ళన్నీ చేప కోసం ఎగబడతాయి, ధర పెరుగుతుంది. నర్సంపేట నుంచి బండి వచ్చి వాగు ఒడ్డునే తూకం వేసుకుపోతుంది. చేప గుడ్లు పెట్టడానికి బయలుదేరిన వారమే దానికి ఎక్కువ ధర పలికే వారం. ఇంతకన్నా చిక్కుముడి మనం కావాలని వేసినా పడదు.

అయితే వానాకాలమంతా చేప పట్టొద్దు అని ఒక్క మాటతో తేల్చేయడం సరికాదు. ఏ చేప సంగతి ఏమిటో చూడాలి. బొచ్చె, రవ్వ, మృగాల నిలిచిన నీటిలో గుడ్లు పెట్టవు. వాటికి నదిలాగా పారే వరద నీరు కావాలి. చెరువులో పెరిగి, కడుపులో గుడ్లు వచ్చినా, చాలావరకు అవి అలాగే కరిగిపోతాయి. అందుకే వాటి పిల్లలను ఏటేటా బయటి నుంచి తెచ్చి వదులుతారు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి ఈ జాతి చేపలకు ఇంజెక్షన్ ఇచ్చి గుడ్లు పెట్టించాడు. ఈరోజు మన చెరువులకు వచ్చే చేపపిల్లలన్నీ ఆ పని పుణ్యమే. జూలై 10ని జాతీయ చేప రైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నది అందుకే. తెలంగాణలో 2016-17 నుంచి ప్రభుత్వమే ఉచితంగా చేపపిల్లలను చెరువుల్లో వదలడం మొదలుపెట్టింది. కాబట్టి పెరిగిన బొచ్చెను జూలైలో పట్టినా జనవరిలో పట్టినా వచ్చే ఏడాది బొచ్చెకు పెద్ద తేడా రాదు. దాని వచ్చే ఏడాది లారీలో వస్తుంది.

కొర్రమట్టకు లారీ లేదు. పరకకు లేదు. జెల్లకు, పాపెరకు, ఇసుకదొందుకు లేదు. అవి ఇక్కడే పుట్టాలి, ఇక్కడి గడ్డిలో, ఇక్కడి వాగు నోటిలో, మడికట్ల మధ్య. చేపపిల్లలు ఉచితంగా వస్తున్నాయి కదా, చెరువు ఖాళీ అయ్యేదెప్పుడు అనే ధీమా పెద్ద చేపల విషయంలో చెల్లుతుందేమో గానీ చిన్న చేపల దగ్గర చెల్లదు. పైగా మన ఇళ్ళలో ఎక్కువగా తినేది ఏది? తూకంలో పెద్ద ధర పలికే రవ్వ అంగడికి పోతుంది. ఇంట్లో ఉడికేది పరకల పులుసే. తలతో, ముల్లుతో సహా నమిలి తినే ఆ చిన్న చేపలో ఎముకకు కావలసిన కాల్షియం ఉంటుంది. ఎండబెట్టి దాచుకుంటే కూర లేని రోజుల్లో చింతపండుతో కలిపి ఇల్లు గడుస్తుంది. ఏ రిజిస్టరులోనూ దీనికి గడి లేదు. ఎన్ని లక్షల పిల్లలు వదిలారు, ఎన్ని టన్నులు పట్టారు అనే లెక్కలో పరక కనబడదు. లెక్కలో లేనిది తగ్గిపోతే తగ్గిందని కూడా ఎవరికీ తెలియదు, వండే మనిషికి తప్ప.

కొర్రమట్ట గురించి విడిగా చెప్పాలి. 2016లో దీన్ని తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించారు, సరే. గడ్డి నడుమ గూడు చేసుకుని గుడ్లు పెడుతుంది. పిల్లలు పుట్టాక అవి నీటి పైన ఎర్రగా ఒక ముద్దలా గుంపు కట్టి తిరుగుతాయి. కింద పెద్ద చేప కాపలా ఉంటుంది. ఆ ఎర్రముద్ద కనబడితే చాలు, గాలానికి కప్ప గుచ్చి పిల్లల మధ్యలో ఆడిస్తే, పిల్లల మీదికి ఏదో వచ్చిందని కాపలా చేప మీద పడుతుంది, గాలానికి చిక్కుతుంది. అది ఆకలికి కొరకదు, కాపాడటానికి కొరుకుతుంది. ఆ తర్వాత ఆ పిల్లల ముద్దను జెల్లలు, మట్టగిడసలు, పక్షులు ఒక్క పూటలో చెదరగొట్టి తింటాయి. ఒక చేప కూరకు కొన్ని వందల చేపలు పోతాయి. గూడేల్లో వయసు మళ్ళినవాళ్ళు కొందరు పిల్లల మీద ఉన్న కొర్రమట్టను ఇప్పటికీ ముట్టుకోరు, పాపం తగులుతుందంటారు. పాపం అనే మాట తీసేసి, ఏడాది కూర పోతుంది అని చెప్పినా లెక్క ఒకటే వస్తుంది. కానీ పాపం అన్నప్పుడు చెయ్యి ఆగినంతగా లెక్క చెప్పినప్పుడు ఆగదు. సైన్స్ బోధించే మేము ఈ సంగతి గురించి చాలాసార్లు ఆలోచించాం.

ఇంత దాకా వచ్చాక, అయితే ఆ నెలన్నర వల ఆపేద్దాం అనడం సులభం, ముఖ్యంగా నెల మొదట్లో జీతం పడే మావంటి వాళ్ళకు. వల మీద బతికే ఇంటికి ఆషాఢం, శ్రావణం ఎలాంటి నెలలో అందరికీ తెలుసు. పంట ఇంకా మొక్కే. పాత గింజలు అడుగంటుతాయి. ఎరువుకు, విత్తనానికి మిత్తికి తెచ్చిన డబ్బు తల మీద ఉంటుంది. బడి తెరిచే నెల కూడా అదే: నోటు పుస్తకాలు, చెప్పులు, హాస్టల్‌కు పెట్టె. జ్వరాల కాలం మొదలయ్యేదీ అప్పుడే. ఆ నెలలో ఎదురెక్కి వచ్చిన చేపను వదిలెయ్, వచ్చే ఏటి కోసం అని చెప్తే, ఆ మాట ఎవరు చెప్తున్నారు అని చూస్తారు. చూడాలి కూడా. తన కడుపు నిండినవాడు ఎదుటివాడికి చెప్పే నిగ్రహం ఎంత సరైనదైనా వినబుద్ధి కాదు.

అందుకని మేము తరగతిలో ఈ ప్రశ్నను మార్చి పెట్టాం. చేప పట్టడం తప్పా, ఒప్పా అని కాదు. ఆగాల్సి వస్తే ఎవరు ఎంత ఆగాలి? పిల్లలు చాలా త్వరగా తేల్చారు: ఎక్కువ పట్టేవాడు ఎక్కువ ఆగాలి. గాలంతో నాలుగు పరకలు పట్టుకునే అవ్వను ఆపడంలో న్యాయం లేదు. వాగు నోటికి అడ్డంగా తడిక కట్టి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు వల పరిచి, రాత్రంతా ఎక్కే చేపనంతా ఊడ్చేవాడిని ఆపాలి. ఆ వల ఒక మనిషిదే అయినా దాని వెనుక అప్పు ఇచ్చిన వ్యాపారి ఉంటాడు, బండి ఉంటుంది, గుడ్ల చేపకు ఎక్కువ డబ్బులిచ్చి కొనే ఊళ్ళు ఉంటాయి. కొనేవాళ్ళలో జీతగాళ్ళు ఉంటారు. ఆగాల్సినవాళ్ళ వరసలో వాళ్ళు కూడా నిలబడాలి. జూన్ చివర్లో కడుపుబ్బిన వాలుగను కొననని ఒక ఉద్యోగి అంటే, గాలం వదిలిన కూలివాడి కన్నా అతను వదులుకున్నది తక్కువే.

‘మేము పట్టకపోతే ఇంకొకడు పడతాడు’ అనే మాట ఒకటి ఉంది. వినీ వినీ అది సామెత అంత పాతబడింది. దీన్ని తీసిపారేయలేం, ఎందుకంటే అది నిజం. ఒక్కడు ఆగితే చేపకు లాభం లేదు, ఆగినవాడికి నష్టం. 1968లో గారెట్ హార్డిన్ అనే శాస్త్రవేత్త ఇదే మాటను పచ్చిక బీళ్ళ మీద పెట్టి, అందరిదీ అయినది చివరికి నాశనమే అవుతుందని పేరుపొందిన వ్యాసం రాశాడు. దాన్ని చదివి, అయితే చెరువులను ప్రభుత్వానికో, కాంట్రాక్టరుకో అప్పగించాలి అన్నవాళ్ళు ఎందరో. ఎలినార్ ఆస్ట్రోమ్ అనే ఆవిడ అలా కాదని, అడవులు, కాలువలు, చేపల రేవులు పంచుకుని వాడుకునే ఊళ్ళను వెతికి చూపించింది. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆవిడే. ఆమె చెప్పినవాటిలో మాకు నచ్చింది టర్కీలోని అలన్యా జాలర్ల సంగతి. అక్కడ సెప్టెంబరులో చేప దొరికే చోట్లన్నీ పేర్లతో జాబితా రాసి, చీట్లు తీసి పంచుకుంటారు. ఎవరికి మంచి చోటు వచ్చినా అది ఆ ఒక్క రోజుకే. మరునాడు ఒక చోటు తూర్పుకు జరగాలి. జనవరి దాటాక పడమటికి జరుగుతారు. అందరికీ మంచి చోటూ వస్తుంది, చెడ్డ చోటూ వస్తుంది. నియమం తప్పినవాడిని పక్క చోటువాడే పట్టుకుంటాడు, ఆ రోజు ఆ చోటు తనది కాబట్టి. అది సముద్రం, ఇది చెరువు. కానీ ‘ఇంకొకడు’ ఎవరో ముఖం తెలిసిన చోట ఆ సామెత బలం తగ్గుతుంది. పాకాల వాగు నోట్లో వల వేసే ఇంకొకడు మన పక్క గూడెం వాడే, వరసకు బావో మామో అవుతాడు.

విషం సంగతి త్వరగా చెప్పి ముగిస్తాం, దాని మీద వాదించడానికి పెద్దగా లేదు. పురుగుల మందు కలిపి, బ్లీచింగ్ చల్లి, కరెంటు తీగ వదిలి, తూటా పేల్చి చేప పట్టడం 1897 నాటి చేపల చట్టం కాలం నుంచే నేరం దారిలో ఉన్నదే. విషాన్ని, పేలుడును ఆ చట్టం అప్పుడే నిషేధించింది. కొందరు యువకులు, మన తాతలు మంగకాయ, గారకాయ దంచి వేయలేదా అంటారు. వేశారు. ఎండబోయే మడుగులో, గూడెమంతా తెలిసి, అందరూ ఒడ్డున ఉండగా వేశారు. దానితో చేప మత్తెక్కుతుంది, నీరు మారితే ఆ ప్రభావం పోతుంది. పారే వాగులో రాత్రిపూట పురుగుల మందు పోస్తే కింది గూడెం వాళ్ళ పశువులు పొద్దున్నే ఆ నీళ్ళు తాగుతాయి. వాళ్ళను ఎవరు అడిగారు? రెండింటినీ ఒకే సంప్రదాయం అనడం తాతల పేరు వాడుకోవడమే.

ఇక చట్టం ఏమంటుంది? షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల నిర్వహణను పంచాయతీలకు అప్పగించాలని 1996 పెసా చట్టం చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి)లో చేపల మీద, నీటి వనరుల్లో దొరికే వాటి మీద సామూహిక హక్కును రాసింది. దాని గురించి మన మీటింగుల్లో మాట్లాడతాం. అదే చట్టంలో సెక్షన్ 5 గురించి తక్కువ మాట్లాడతాం. అడవిని, వన్యప్రాణులను, నీటి వనరులను కాపాడే అధికారం హక్కుదారులకూ గ్రామసభకూ ఉందని అది చెబుతుంది. అభయారణ్యం అంచున బతికే మనకు ఈ రెండో సెక్షన్ అవసరం ఎక్కువ. వద్దు అని చెప్పే అధికారం మన చేతిలో లేకపోతే, ఆ మాట వేరేవాళ్ళు చెప్తారు. వాళ్ళు చెప్పినప్పుడు అవ్వ గాలాన్ని, వాగు నోటి వలను వేరు చేసి చూడరు. అందరినీ ఒకే గాటన కడతారు.

మేము పెద్దలతో, యువకులతో కూర్చుని మాట్లాడిన మేరకు ఒక ఒప్పందం లాంటిది రూపు కడుతోంది. మృగశిర, ఆరుద్ర, పునర్వసు, ఈ మూడు కార్తెలు వాగు నోళ్ళలో పెద్ద వల, తడిక, దోమతెర వద్దు. చెరువు నడుమ లోతులో బొచ్చె, రవ్వ పట్టుకోవచ్చు. గాలం, ఊత, చేతిబుట్ట ఇంటి కూరకు ఎవరికైనా ఉంటాయి. పిల్లల మీద ఉన్న కొర్రమట్టను పన్నెండు నెలల్లో ఎప్పుడూ ముట్టుకోవద్దు. మూడు కార్తెలు దాటాక మొదటి రోజు అందరూ కలిసి వలలు దించాలని ఒక పెద్దాయన అన్నాడు, కొత్తల పండుగ లాగా. ఆ మాటకు యువకులు కూడా తల ఊపారు.

తేలనివి ఉన్నాయి. వల మీదే బతికే ఇళ్ళకు ఆ నెలన్నర ఏం పెట్టాలి? ఉపాధి పని అప్పుడే అడగాలని కొందరు, లోతు నీటిలో పట్టే వంతు వాళ్ళకే ఎక్కువ ఇవ్వాలని కొందరు అంటున్నారు. రెండోదే మాకు న్యాయంగా తోస్తోంది. ఇంటి కూర అంటే ఎంత అన్నదాని మీద ఒక సాయంత్రమంతా గడిచింది; ఒక బకెట్ అన్నవాడికి ఇంట్లో తొమ్మిది మంది. రాత్రి వాగు నోటి దగ్గర కాపలా ఇంటికొకరు వరసగా ఉండాలని ఒక మాట, పెద్ద వలలు ఉన్న ఇళ్ళవాళ్ళే ఉండాలని ఇంకో మాట. మగదిక్కు లేని ఇల్లు ఏం చేయాలని ఒక పెద్దమ్మ అడిగింది. ఆడవాళ్ళు ఇద్దరిద్దరు కలిసి పగటి కాపలా చేస్తారని మరొకామె అంది. పగలు చేప ఎక్కదు కదా అని ఎవరో నవ్వారు. మబ్బు పట్టిన రోజు పగలు కూడా ఎక్కుతుందని ఆమె చెప్పింది, అది నిజమే. గ్రామసభ రోహిణి ఎండల్లోనే పెట్టుకోవాలని అనుకున్నాం, మొదటి వాన పడితే ఎవరూ రారు కాబట్టి.